కంప్యూటర్ రాదని చదువు మానేస్తావా తల్లీ?

తల్లీ,

"నాకు ఈ ఆన్‌లైన్ క్లాసులు పడవు పెద్దమ్మా, మానేస్తా" అని నువ్వు ఫోన్లో అన్నప్పటి నుంచి మనసు కుదుటగా లేదు. ఐసీయూలో మందు కొద్దికొద్దిగా ఎక్కించే సిరంజి పంపు అలారం కొడితే పరుగెత్తి, లైను ఎక్కడ మడతపడిందో కనిపెట్టి సరిచేసేది నువ్వే కదా, మరి క్లాసు లింకు నొక్కడానికి ఎందుకంత టెన్షన్? ఆ పంపు కూడా మొదట్లో భయపెట్టే ఉంటుంది, ఎవరో పక్కన నిలబడి చూపిస్తే అలవాటైంది. దీనికీ అంతే. జూనియర్లను అడిగి చూపించుకో, సిగ్గుపడకు.

నేను ఇగ్నో దూరవిద్యలో నర్సింగ్ డిగ్రీ, అదే పోస్ట్ బేసిక్ బీఎస్సీ, చదివేటప్పుడు పుస్తకాలు పోస్టులో వచ్చేవి. 2000లో టీవీలో పాఠాలు చెప్పే జ్ఞాన్ దర్శన్ చానల్ మొదలైంది గానీ, పాఠం వచ్చే టైముకి డ్యూటీ పడిందంటే అది పోయినట్టే. నువ్వైతే ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పి వినొచ్చు.

నైట్ డ్యూటీ దిగొచ్చి పడుకుని మాత్రం వీడియో పెట్టుకోకు, ఒక్క ముక్కా ఎక్కదు. నిద్ర లేచాక పుస్తకం, పెన్ను దగ్గర పెట్టుకుని 20 నిమిషాలు విను చాలు. డ్రిప్ లెక్క వచ్చిందనుకో, 500 ఎంఎల్ సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, డ్రిప్ సెట్టు ఎంఎల్‌కి 20 చుక్కలు పడేది, మేడమ్ జవాబు చెప్పేలోపే వీడియో ఆపి నువ్వే వేసుకో. 500ని 20తో హెచ్చించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. తర్వాత డ్యూటీలో వాచీ చూసుకుంటూ డ్రిప్ చాంబర్ దగ్గర నిలబడి చుక్కలు లెక్కపెట్టు, ఆ లెక్క ఇక మర్చిపోవు.

2020లో కాలేజీలు మూసేసినప్పుడు ఫోన్లోనే పాఠాలు విన్న పిల్లలు తర్వాత మా వార్డుకి వచ్చారు. బీపీ గురించి అడిగితే గడగడా చెప్పేవాళ్లు, చేతికి కఫ్ పట్టీ కట్టి మెల్లగా గాలి వదిలేటప్పుడు మాత్రం పై బీపీని చూపే మొదటి శబ్దం ఎక్కడ వినిపించిందో పట్టుకోలేక కంగారుపడేవాళ్లు. పాపం, వాళ్ల తప్పేం లేదు, చేత్తో చేసే అవకాశమే దొరకలేదు. అందుకే ప్రాక్టికల్స్ ఒక్కరోజు కూడా మానకు. సెలవు కుదరకపోతే ఇన్‌చార్జి సిస్టర్‌ని ముందే అడిగి డ్యూటీ మార్పించుకో.

ఇంకోటి, ఇది గట్టిగానే చెప్తున్నా. కేస్ స్టడీ కోసమని పేషెంటు ఫొటో గానీ, కేస్ షీటు గానీ ఫోన్లో తీసి గ్రూపులో పెట్టకు, ముఖం కనబడకపోయినా సరే. పేరు, ఆస్పత్రిలో ఇచ్చే ఐపీ నంబరు లేకుండా చేత్తో రాసుకో.

ఆదివారం ఇంటికి రా. అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేయడం ఇద్దరం కూర్చుని చూద్దాం. పాస్‌వర్డు రాసుకున్న కాగితం మర్చిపోకు.

పెద్దమ్మ