సరస్సు జీవులపై పనిచేయాలంటే ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: బీఎస్సీ జువాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. మంచినీటి సరస్సుల జీవావరణంపై పనిచేయాలని ఉంది. పీజీలో ఏ సబ్జెక్టు తీసుకోవాలి? ఇప్పుడంతా డీఎన్‌ఏ పరీక్షలే కదా, మైక్రోస్కోపు పని ఇంకా అవసరమా?

జవాబు: జువాలజీ, బాటనీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్... ఏది తీసుకున్నా ఫర్వాలేదు. ఏదో ఒక జీవవర్గాన్ని జాతి దాకా గుర్తుపట్టడం, వచ్చిన అంకెలను ఆర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో విశ్లేషించడం మాత్రం రావాలి. నీటిలో దొరికిన డీఎన్‌ఏ ఫలానా జాతి ఉందని చెబుతుంది. లీటరుకు ఎన్ని ఉన్నాయో, వాటిలో గుడ్లు మోస్తున్నవెన్నో చెప్పదు. మైక్రోస్కోపు తప్పదు.

అన్ని వర్గాలూ ఒకేసారి పట్టుకుంటే ఏదీ రాదు. మీకు డాఫ్నియా (నీటి ఈగ అనే చిన్న క్రస్టేషియన్), దాని దగ్గరి జాతులు సులువు, తర్వాత రోటిఫర్లు (ఇంకా చిన్న నీటి జీవులు). డాఫ్నియాను మామూలు ఫార్మలిన్‌లో (నమూనా చెడకుండా ఉంచే మందు) వేస్తే కవచం ఉబ్బి గుడ్లు జారిపోతాయి, దాంతో జననరేటు అంచనా కూడా పోతుంది. 4 శాతం ఫార్మలిన్‌లో లీటరుకు 40 గ్రాముల చక్కెర కలిపితే ఈ బెడద తగ్గుతుంది. పెంకులేని రోటిఫర్లు మందు తగలగానే ముడుచుకుపోతాయి, వాటిని బతికుండగానే చూడాలి.

పీజీ ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే లోపం ఒకటుంది: పీహెచ్, కాఠిన్యం, క్లోరైడ్ అంటూ పట్టిక నింపి, పక్కన జాతుల జాబితా పెట్టేస్తారు. అందులో ప్రశ్నే ఉండదు. ప్రశ్న ఎలా ఉండాలో ఈ ఉదాహరణ చూడండి: 1973లో సరస్సుల శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం కెనడాలోని 226వ నంబరు సరస్సును తెరతో రెండుగా విడదీసింది. రెండు వైపులా కార్బన్, నైట్రోజన్ వేసి, ఫాస్ఫరస్ మాత్రం ఒకవైపే కలిపింది. ఆ వైపే నీరు పచ్చబడింది. మీకు ట్యాంకులు చాలు: చేపలున్నవి నాలుగు, లేనివి నాలుగు. చేపలు తినేయడంతో డాఫ్నియా తగ్గి, దాని మేత అయిన శైవలాలు పెరుగుతాయేమో చూడండి. ఒక్కొక్క ట్యాంకే పెడితే తేడా చేపలవల్లో, ట్యాంకువల్లో తేలదు.

చాలా సరస్సుల్లో డాఫ్నియా పగలు లోతుకు దిగి, రాత్రి పైకొస్తుంది. మధ్యాహ్నం పైనీటిలో వల లాగి ‘లేదు’ అని రాయకండి. శైవలాలు దట్టంగా ఉంటే వల కళ్లు మూసుకుపోతాయి. మూతి దగ్గర ఫ్లోమీటరు (వలలోంచి వెళ్లిన నీటిని కొలిచే పరికరం) లేకపోతే లెక్క తక్కువొస్తుంది. 100 జీవులను లెక్కిస్తే పొరపాటు సుమారు 20 శాతం, 400 లెక్కిస్తే 10 శాతం.

తాగునీటి జలాశయాల్లో సయనోబాక్టీరియా (నీలి-ఆకుపచ్చ శైవలాలు) పర్యవేక్షణ, మత్స్యరంగం, పర్యావరణ ప్రభావ అంచనా సంస్థల్లో అవకాశాలుంటాయి. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీ కావాలి.

ఈ సెలవుల్లోనే ఒకే నమూనాను వారం తేడాతో రెండుసార్లు, మొదటి జాబితా చూడకుండా లెక్కించండి. రెండూ కలిసేదాకా ఇంకో వర్గం జోలికి వెళ్లకండి.