లాడ్జిలో నైట్ డ్యూటీ చేస్తూ నవలలు రాయొచ్చా? బ్రాండన్ శాండర్సన్ అన్ని పుస్తకాలు ఎలా రాశారు?

మీరు అడిగింది ఇదీ: తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జిలో నైట్ డ్యూటీ చేస్తున్నారు. రెండు ఫాంటసీ నవలలు రాశారు. ఒకటి వెనక్కొచ్చింది, రెండోది పంపి ఎనిమిది నెలలైనా జవాబు లేదు. జవాబు వచ్చేదాకా ఆగాలా, మూడోది మొదలుపెట్టాలా? అమెరికా ఫాంటసీ రచయిత శాండర్సన్ లాంటి వాళ్లకి అన్ని పుస్తకాలు రాయడం ఎలా కుదురుతోంది? పాఠకులే ఆయనకి కోట్ల డాలర్లు ఇచ్చిన సంగతి కూడా రాశారు.

మూడోది మొదలుపెట్టండి, ఈ రాత్రే. మీరు కూర్చునే కుర్చీలాంటి దాంట్లోనే నేను ఆరేళ్లు కూర్చున్నాను, గోవిందరాజస్వామి గుడికి రెండు వీధుల అవతల. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

శాండర్సన్ కూడా అలాంటి కుర్చీలోనే కూర్చుని రాశారు. అమెరికాలో యూటా రాష్ట్రంలో యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో ఆయన ఒక హోటల్లో రాత్రి కౌంటర్ చూసుకునేవారు. డ్యూటీలో ఉండగానే రాసుకోవచ్చని ఏరికోరి పట్టుకున్న ఉద్యోగం అది. మొదట బయోకెమిస్ట్రీలో చేరి, తర్వాత ఇంగ్లిష్ సాహిత్యానికి మారారు. ఒక్క పుస్తకం కూడా ఎవరూ కొనకముందే పన్నెండు నవలలు పూర్తిచేసి పదమూడోది రాస్తున్నారు. అప్పుడు, 2003లో, టోర్ అనే ప్రచురణ సంస్థ ఎడిటర్ నుంచి కబురొచ్చింది. వాళ్లు తీసుకుంటామన్నది ఆయన ఆరో నవల ‘ఎలాంట్రిస్’. దాన్ని పంపి అప్పటికే ఏడాదిన్నర అయింది. అచ్చయి బయటికొచ్చింది 2005లో.

ఆ ఏడాదిన్నర దగ్గర కాసేపు ఆగండి. ఆ కబురు కోసం కాచుకుని కూర్చుని ఉంటే పదమూడో నవల ఉండేది కాదు. ఆ పదమూడోది అప్పుడు అచ్చుకి వెళ్లలేదు. తర్వాత దాన్ని పక్కనపెట్టి, అదే కథని మొదటి నుంచి మళ్లీ రాసి 2010లో ‘ది వే ఆఫ్ కింగ్స్’గా తెచ్చారు. ఆయన పేరు చెప్పగానే పాఠకులకి ముందు గుర్తొచ్చే పుస్తకాల్లో అదొకటి.

నేను చేసిన తప్పు సరిగ్గా ఇక్కడే. మొదటి నవలని ఒక ప్రచురణకర్తకి పంపి పద్నాలుగు నెలలు కాచుకున్నాను. రోజూ పోస్టు వైపు చూడ్డం, వారానికోసారి ఫోన్ చేద్దామా వద్దా అని టెన్షన్. ఆఖరికి ధైర్యం చేసి ఫోన్ చేస్తే, అలాంటి స్క్రిప్టు ఏదీ మా దగ్గరికి రాలేదే అన్నారు. జిరాక్స్ కూడా తీసిపెట్టుకోలేదు. ఆ నవల పోయినందుకు ఏడ్చాను, నిజమే. కానీ ఇప్పటికీ నన్ను తినేస్తున్నది వేరే. పద్నాలుగు నెలలంటే నాలుగొందల రాత్రులు. అన్ని రాత్రుల్లో ఒక్క వాక్యం కూడా రాయలేదు.

లాడ్జిలో రాత్రి ఎలా ఉంటుందో మీకు తెలుసు. పన్నెండు దాకా మద్రాసు బస్సులు దిగినవాళ్లు, ఆధార్ జిరాక్స్ లేదని గొడవపడేవాళ్లు, ఒక రూములో ఏడుగురం సర్దుకుంటామని బతిమాలేవాళ్లు. ఘాట్ రోడ్డు తెరిచే వేళకి మళ్లీ కదలిక మొదలవుతుంది. మధ్యలో ఒంటిగంట నుంచి మూడు దాకా వీధంతా సద్దుమణుగుతుంది. తాళాలు మేకులకి వేలాడుతుంటాయి, బయటికొచ్చి చూస్తే కొండమీద గాలిగోపురం లైట్లు. ఆ రెండు గంటలే నావి. రిజిస్టర్ కింద రూళ్ల నోటుబుక్కు పెట్టుకుని రాసేవాణ్ని.

ఆ రెండు గంటలూ పూర్తిగా దొరకవు. ఒకసారి యుద్ధం జరిగే సీను మంచి ఊపులో రాస్తుంటే మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామె గుండుతో, మనవణ్ని భుజానేసుకుని వచ్చి, ‘నైనా, బిడ్డకి పాలు కలపాల, రొన్ని వేడినీళ్లు దొరుకుతాయా’ అని అడిగింది. స్టవ్ వెలిగించి నీళ్లు కాచి ఇచ్చి వచ్చేసరికి యుద్ధం మొత్తం మనసులోంచి పోయింది. అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. కుర్చీలోంచి లేచేముందు తర్వాత ఏం జరగాలో మార్జిన్లో నాలుగు ముక్కలు రాసి లేవడం. రాత్రికి మూడొందల మాటలు వచ్చేవి. ఏడాదికి రెండొందల రాత్రులు కుదిరినా అరవై వేల మాటలు, అంటే ఒక నవల. ఎక్కువ రాసేవాళ్లు ఎలా రాస్తారన్న మీ ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఈ లెక్కే.

అయితే లెక్క ఒక్కటే చాలదు, రాసింది నిలబడాలి. నా రెండో నవల శేషాచలం అడవుల్లో జరుగుతుంది. క్లైమాక్సులో హీరోకి హఠాత్తుగా ఒక శక్తి వచ్చి అందర్నీ కాపాడేస్తాడు. మా అక్క చదివి, ‘ఒరే, వీడికి ఇంత శక్తి ఉంటే, మొదట్లో వాళ్ల నాయన్ని చిరుత ఎత్తుకుపోతా ఉంటే ఏం చేస్తా ఉన్నాడు?’ అంది. నా దగ్గర జవాబు లేదు. శాండర్సన్ ఈ విషయం మీద ఒక సూత్రమే చెప్పారు: మంత్రంతో చిక్కుముడి విప్పాలంటే, ఆ మంత్రం ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ముందే అర్థమై ఉండాలి, ఎంత బాగా అర్థమైతే అంత బాగా విప్పొచ్చు. 2006లో వచ్చిన ‘మిస్ట్‌బార్న్’లో దీన్ని చేసి చూపించారు. అందులో మనుషులు లోహాల్ని మింగి, కడుపులో ‘మండించి’ శక్తి తెచ్చుకుంటారు. ఉక్కుతో చుట్టూ ఉన్న లోహాన్ని దూరంగా నెట్టొచ్చు, ఇనుముతో దగ్గరికి లాగొచ్చు. కానీ బరువు లెక్క తప్పదు. నాణేన్ని నేల మీద పడేసి నెడితే అది కిందికి పోలేదు కాబట్టి మనిషే గాల్లోకి లేస్తాడు. ఒక్కసారి ఇది తెలిశాక, హీరోయిన్ చేతిలో నాలుగు చిల్లర నాణేలు మిగిలాయంటే చాలు, ఎలా తప్పించుకుంటుందో మనమే ఆలోచించడం మొదలుపెడతాం. అది చదివాక నా క్లైమాక్సు చింపేసి మళ్లీ రాశాను.

మీరు రాసిన ఆ డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2022 మార్చిలో కిక్‌స్టార్టర్‌లో, అంటే రాబోయే వాటికి జనం ముందే డబ్బిచ్చే వెబ్‌సైట్లో, శాండర్సన్ తన నాలుగు నవలల కోసం పది లక్షల డాలర్లు అడిగితే 4 కోట్ల 17 లక్షల డాలర్లు వచ్చాయి, 1,85,000 మందికి పైగా పాఠకులు ఇచ్చారు. అందరూ ఈ అంకె చూపిస్తారు. మొదటి పుస్తకం అచ్చయిన పదిహేడేళ్లకి వచ్చిన అంకె అది. ఆ పదిహేడేళ్లూ ఆయన రాస్తూనే ఉన్నారు. 2007లో రాబర్ట్ జోర్డాన్ అనే ఫాంటసీ రచయిత చనిపోతే, జోర్డాన్ భార్య హ్యారియెట్ ఆయన పూర్తిచేయకుండా వదిలిన నవలల వరస ‘ది వీల్ ఆఫ్ టైమ్’ని పూర్తిచేయడానికి శాండర్సన్‌ని ఎంచుకున్నారు. ఒక్కటే అనుకున్న ఆఖరి పుస్తకం మూడయింది, 2009, 2010, 2013ల్లో వచ్చాయి. ఆ మధ్యలోనే సొంత నవలలు కూడా ఆపలేదు. ఇక కిక్‌స్టార్టర్ నవలలు కరోనా రోజుల్లో ప్రయాణాలు ఆగిపోతే మిగిలిన టైములో రాసినవి.

తెలుగులో ఆ డబ్బు రాదు, దాన్ని నమ్ముకుని ఉద్యోగం మానొద్దు. నా మూడో నవల ఐదొందల కాపీలు వేస్తే అమ్ముడుపోవడానికి రెండేళ్లు పట్టింది. చేతికొచ్చింది లాడ్జి జీతంలో రెండు నెలలంత కూడా లేదు. మన పక్కనే దామలచెరువులో మధురాంతకం రాజారాం గారు బడిపంతులుగా పనిచేస్తూనే వందల కథలు రాశారు. 1993లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. నాకు దారి చూపించింది ఆయన బతుకే, శాండర్సన్ నాకు తర్వాత తెలిశారు.

మీ రెండో నవల ఫైలు ఈమెయిల్లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచుకోండి. ప్రచురణకర్తకి ఒక్క మెయిల్ పెట్టి, ఇంకో ఆరు నెలలదాకా దాని జోలికి పోవద్దు. శాండర్సన్ యూనివర్సిటీలో చెప్పే క్లాసులు యూట్యూబ్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లిష్ వేగం అందకపోతే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. అన్నీ ఒకేసారి చూసేయకండి, రాసే టైమంతా అవే తినేస్తాయి. మంత్రశక్తుల మీద చెప్పిన క్లాసు ఒక్కటి ముందు చూసి, మీ హీరోకి ఉన్న శక్తి ఏం చేయలేదో ఒక కాగితం మీద రాసి కౌంటర్ దగ్గర పెట్టుకోండి. మూడోదాని మొదటి మూడొందల మాటలు అక్కణ్నుంచే వస్తాయి.