కొట్టలేదు, పక్కనే ఉన్నాను: నా మీదా కేసు పడుతుందా?

ప్రశ్న: నేను తెలంగాణలోని ఒక పేరున్న ఇంజనీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్నాను. మా ఫెస్టును నడిపే క్లబ్బుకు ఏటా వందల మంది దరఖాస్తు చేస్తే పదిహేను మందిని తీసుకుంటారు. అందులో ఉంటే సీనియర్ల రిఫరల్‌తో మంచి ఉద్యోగాలు వస్తాయని పేరు. ఎంపికైన జూనియర్లకు ఒక రాత్రి ‘ఇంటరాక్షన్’ పెడతారు. రెండేళ్ల క్రితం నేనూ దాన్ని భరించాను. ఈసారి ఒక జూనియర్‌ను క్లబ్ గదిలో పెట్టి గడియ వేసి, తెల్లవారుజాము దాకా మోకాళ్ల మీద కూర్చోబెట్టి, చెంపదెబ్బలు కొట్టారు. నేను కొట్టలేదు. సీనియర్లు చెప్పారని జూనియర్ల ఫోన్లు తీసుకుని నా దగ్గర పెట్టుకున్నాను. ఆ అబ్బాయి వారం రోజులుగా క్లాసులకు రావడం లేదు. ‘తనంతట తనే వచ్చాడు, అందరం ఉన్నాం, ఎవరినీ ఏమీ చేయలేరు’ అని మావాళ్లు అంటున్నారు. గ్రూపులో మెసేజ్‌లు తీసేస్తున్నారు. ఇది ర్యాగింగేనా? నేనూ ముద్దాయినవుతానా?

జవాబు: మీ సందేహాల కంటే ముందు ఆ అబ్బాయి సంగతి చూడాలి. అతను వారం రోజులుగా తరగతికి రావడం లేదన్న విషయం వార్డెన్‌కు, కాలేజీ కౌన్సెలర్‌కు ఈరోజే తెలియాలి, వారి ద్వారా అతని తల్లిదండ్రులకు తెలియాలి. మీరుగా వెళ్లి అతనితో రాజీ మాటలు మాట్లాడకండి, మీ స్నేహితులను కూడా వెళ్లనివ్వకండి. ఎంత మంచి ఉద్దేశంతో వెళ్లినా అది రేపు సాక్షిని బెదిరించడంగా కనిపించే ప్రమాదం ఉంది.

ఇక ఇది ర్యాగింగేనా అన్న విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. తెలంగాణలోనూ అమల్లో ఉన్న 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం, విద్యార్థికి అవమానం, భయం, బెదిరింపు, గాయం కలిగించే లేదా కలిగించే అవకాశమున్న చర్య ఏదైనా ర్యాగింగే. అక్రమంగా నిర్బంధించినా, గాయపరిచినా రెండేళ్ల వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. ఎవరైనా ప్రాణం తీసుకునే స్థితికి నెట్టబడితే శిక్ష యావజ్జీవం దాకా పోవచ్చు. దానికి ఇంటరాక్షన్ అని పేరు పెట్టినా, ఇండక్షన్ అని పేరు పెట్టినా చట్టం దృష్టిలో తేడా లేదు.

‘తనంతట తనే వచ్చాడు’ అన్న వాదనను కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే ఇటువంటి క్లబ్బులన్నీ నిలబడేది దాని మీదే. ‘ఇంటరాక్షన్’కు రావడానికి అంగీకరించినవాడు గడియ వేసిన గదిలో దెబ్బలు తినడానికి అంగీకరించినట్టు కాదు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 28వ సెక్షన్ ప్రకారం హాని జరుగుతుందన్న భయంతో ఇచ్చిన సమ్మతి, అది భయంతో ఇచ్చినదని ఎదుటివారికి తెలిసినప్పుడు, సమ్మతి కానే కాదు. సమ్మతిని కొంతమేరకు రక్షణగా ఒప్పుకునే 25వ సెక్షన్ కూడా పద్దెనిమిదేళ్లు దాటినవారికే వర్తిస్తుంది. మొదటి సంవత్సరంలో చేరే పిల్లల్లో ఎంతమందికి ఇంకా పదిహేడేళ్లేనో మీకు తెలుసు.

మీరూ అదే రాత్రిని భరించి, ఆ తర్వాత ఆ క్లబ్బునే గొప్పగా భావించారు. ఇందులో ఆశ్చర్యం లేదు. 1959లో ఆరన్‌సన్, మిల్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వవేత్తలు, ఒక బృందంలో చేరడానికి ఎక్కువ ఇబ్బంది పడినవారు, ఆ బృందం ఎంత విసుగు పుట్టించేదైనా, తేలిగ్గా చేరినవారికంటే దాన్ని ఎక్కువగా ఇష్టపడ్డారని ప్రయోగంతో చూపారు. పడిన బాధకు ఏదో విలువ ఉండాలని మనసు కోరుకుంటుంది, ఆ విలువను నిలబెట్టుకోవడానికి అదే బాధను తర్వాతివాడికి పెడుతుంది. 1968లో డార్లీ, లాటానే చేసిన మరో ప్రయోగంలో, పక్క గదిలో ఒక మనిషికి మూర్ఛ వచ్చినట్టు వినిపించినప్పుడు, తానొక్కడే వింటున్నాననుకున్నవారిలో 85 శాతం మంది ఆ మూర్ఛ ముగిసేలోపే సాయానికి కదిలారు. మరో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నవారిలో 31 శాతమే కదిలారు. మీవాళ్లు అంటున్న ‘అందరం ఉన్నాం’ అన్న మాటకు మూలం ఇదే: మనుషులు పెరిగేకొద్దీ బాధ్యత తలా కొంచెమై పలచబడిందని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది.

న్యాయస్థానంలో అలా పలచబడదు. న్యాయ సంహితలోని 3(5) సెక్షన్ ప్రకారం ఉమ్మడి ఉద్దేశంతో చేసిన నేరానికి ప్రతి ఒక్కరూ తానొక్కడే చేసినట్టుగా బాధ్యులు. ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది నేరమే లక్ష్యంగా గుమిగూడితే 190వ సెక్షన్ వర్తిస్తుంది. అటువంటి గుంపులోని ప్రతి సభ్యుడూ స్వయంగా చెయ్యి చేసుకున్నాడని రుజువు చేయనక్కరలేదని సుప్రీంకోర్టు మసల్తీ కేసులో 1964లోనే చెప్పింది. కేవలం చూస్తూ నిలబడిన బాటసారిని ఈ సెక్షన్లు పట్టుకోవు. కానీ మీరు ఫోన్లు తీసుకున్నారు. బయటికి కబురు వెళ్లకుండా చేసే ఆ పని సహాయం కిందికి వస్తుంది, చట్టం దృష్టిలో నేరానికి సహాయం చేయడం కూడా ప్రేరేపణలో (abetment) భాగం, ప్రేరేపించినవారూ 1997 చట్టం కింద శిక్షార్హులే. యూజీసీ 2009 నిబంధనలు ఇంకా ముందుకు వెళ్లి, తోటి విద్యార్థి ఇబ్బందిలో పాలుపంచుకుని వినోదం పొందడాన్ని, ఆ పాలుపంచుకోవడం ఊరకే చూస్తూ ఉండటమే అయినా, ర్యాగింగ్ అన్నాయి. కాబట్టి మీ మీద కేసు పడదని నేను హామీ ఇవ్వలేను.

అయినా ఫిర్యాదు చేయమనే నా సలహా. 2017లో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫ్రాటర్నిటీ (విద్యార్థుల సంఘం) ఇంట్లో, చేరిక వేడుకలో మద్యం తాగించగా మెట్ల మీద నుంచి పడిపోయిన పందొమ్మిదేళ్ల విద్యార్థికి, చుట్టూ అంతమంది ఉండి కూడా దాదాపు పన్నెండు గంటల పాటు ఎవరూ అంబులెన్స్ పిలవలేదు, అతను చనిపోయాడు. మరుసటి ఏడాది పెన్సిల్వేనియా తెచ్చిన చట్టం బాధితుడి సమ్మతి రక్షణ కాదని చెప్పడంతోపాటు, సాయానికి ఫోన్ చేసినవారికి షరతులతో రక్షణ కూడా ఇచ్చింది. మన చట్టంలో అటువంటి రక్షణ లేకపోవడం పెద్ద లోపమని నా అభిప్రాయం, ఎందుకంటే గుంపులోంచి మొదట బయటికి వచ్చేవాడికే అందరికంటే ఎక్కువ భయం. అయినా తనంతట తానుగా, ఆలస్యం లేకుండా నిజం చెప్పినవారి ప్రవర్తనను క్రమశిక్షణ సంఘమూ కోర్టూ శిక్ష నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకోగలవు. మౌనంగా ఉండి దొరికినవారికి ఆ అవకాశం ఉండదు. పైగా చేసినవారు ఎవరో తేలకపోతే సామూహిక శిక్ష వేయమని యూజీసీ నిబంధనలే చెబుతున్నాయి.

రాతపూర్వకంగా ఏదైనా ఇచ్చేముందు ఒక క్రిమినల్ న్యాయవాదిని కలవండి; ఖర్చు భరించలేకపోతే అర్హతను బట్టి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. మీ ఫోన్‌లో ఉన్న మెసేజ్‌లను చెరపకండి, ఫోన్‌ను అమ్మకండి, రీసెట్ చేయకండి. సాక్ష్యంగా రాకూడదని వాటిని తీసేయడం విడిగా మరో నేరం, ఈ మాట మీ గ్రూపులోనివారికి కూడా చెప్పండి. ఫిర్యాదును ప్రిన్సిపాల్‌కు ఇచ్చి, అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. ఆ కాగితం ముఖ్యం. ఫిర్యాదు అందాక వెంటనే విచారించి, ప్రాథమికంగా నిజమని తేలితే బాధ్యులను సస్పెండ్ చేయవలసిన బాధ్యత 1997 చట్టంలోని 6వ సెక్షన్ కింద ఆయనదే. ఆయన పట్టించుకోకపోతే అదే చట్టంలోని 7వ సెక్షన్ ఆయననే నేర ప్రేరేపకుడిగా భావిస్తుంది. కాలేజీలో మాట బయటికి పొక్కుతుందని భయమైతే జాతీయ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోన్ చేసి, పేరు గోప్యంగా ఉంచమని కోరవచ్చు.

రెండేళ్ల క్రితం మీకు జరిగినదాన్ని కూడా ఆ ఫిర్యాదులో రాయండి. మిమ్మల్నీ గదిలో నిర్బంధించి ఉంటే, రెండేళ్ల శిక్ష పడే ఆ నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించడానికి ఘటన జరిగిన నాటి నుంచి మూడేళ్ల గడువు ఉంటుంది, మీ విషయంలో అది ఇంకా దాటలేదు.