ఎమ్మెల్యే ఆఫీసు పంపే ఆరోగ్య సందేశాలతో ఉపయోగం ఉందా? క్లోరిన్ అంకె ఉంటే ఉంది

అడిగింది ఇది: "మాది విజయనగరం జిల్లాలో చిన్న పల్లె. ఎమ్మెల్యే ఆఫీసు వాళ్లు వారం వారం వాట్సాప్ గ్రూపులో ప్రజారోగ్యం, నియోజకవర్గ విశేషాలు అని పెడుతున్నారు. చదవాలా, మ్యూట్‌లో పెట్టేయాలా?"

మ్యూట్ చెయ్యకండి. చదివే పద్ధతి మార్చుకోండి. ఫొటోలో ఎవరెవరున్నారో వదిలేసి ఊరి పేరు, తేదీ, అంకె ఉన్నాయో లేదో చూడండి. అవి లేనిది ఏ పార్టీవాళ్లు పెట్టినా సిరిమానోత్సవం శుభాకాంక్షల బ్యానరుతో సమానం. "అతిసారం ప్రబలకుండా పటిష్ఠ చర్యలు తీసుకోవాలని అధికారులను ఆదేశించారు" అన్న వాక్యంలో మీ కొళాయి గురించి ఒక్క ముక్క లేదు. "ఫలానా పంచాయతీ, చివరి వీధి కొళాయి, ఉదయం 7 గంటలు, మిగులు క్లోరిన్ 0.2" అని ఉంటే అదీ కబురు. మిగులు క్లోరిన్ అంటే సూక్ష్మజీవుల్ని చంపగా నీళ్లలో ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్, లీటరుకు మిల్లీగ్రాముల్లో.

ముందు ఆ బ్లీచింగ్ ఫొటోల సంగతి. ఏ ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలైనా మర్నాటికి గ్రూపులోకి వచ్చేది ఒకటే దృశ్యం: సున్నం కలిపిన బ్లీచింగ్ పొడి కాలువ గట్టున ముగ్గులా పోసి ఉంటుంది, పక్కన పదిమంది నిలబడి ఉంటారు. అతిసారం గట్టు మీంచి పాకి రాదు, తాగే నీళ్లతో, కడగని చేతులతో నోట్లోకి పోతుంది. మట్టి, పేడ, చెత్త తగిలిన క్లోరిన్ చూస్తుండగానే ఖర్చయిపోతుంది, మిగిలేది సున్నమే. 25 కిలోల బస్తా ఒకటి, రోజుకోసారి నిండే 40 వేల లీటర్ల ట్యాంకుకు రెండు నెలలు దాటి వస్తుంది. దాన్ని ఒక్క పూటలో వీధిలో పారబోసి పారిశుద్ధ్య కార్యక్రమం అంటున్నాం.

మన విజయనగరం జిల్లాలోనే ఉన్న గుర్ల చూడండి. 2024 అక్టోబరులో అక్కడ అతిసారం వచ్చినప్పుడు బడిలో శిబిరం పెట్టి, బల్లల మీద పడుకోబెట్టి సెలైన్లు ఎక్కించారు. పంచాయతీరాజ్, గ్రామీణ నీటి సరఫరా శాఖలు చూసే ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఆ నెల 21న వచ్చి చూసి వెళ్లారు. చంపావతి నీళ్లు, నది ఒడ్డున బహిర్భూమి, పైపుల పరిస్థితి అన్నీ చర్చకొచ్చాయి. చనిపోయినవాళ్లెందరు అన్నదాని మీద మాత్రం ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు, వాదనంతా ఆ లెక్క చుట్టూనే తిరిగింది. ఎక్కడ అతిసారం వచ్చినా నన్నడిగితే ముందు తేలాల్సిన లెక్క వేరు. మొదటి రోగి మంచాన పడడానికి ముందు వారం, ఆ ఊరి చివరి కొళాయి దగ్గర క్లోరిన్ ఎంతుంది? అది రాసిన పుస్తకం ఎవరి దగ్గరుంది?

ఎందుకంటే పల్లెలో నీళ్లు చెడేది చాలాసార్లు ట్యాంకులో కాదు, దారిలో. పొద్దున గంట, సాయంత్రం గంట నీళ్లు వదులుతారు. మిగతా 22 గంటలూ పైపులో ఒత్తిడి ఉండదు. నీళ్లు కట్టేసి పైపు ఖాళీ అవుతున్నప్పుడు లోపల పీల్చుడు పుడుతుంది, జాయింటు వదులైన చోట బయట ఏ నీరుంటే ఆ నీరు లోపలికి పోతుంది. పైపు మురుగు కాలువ పక్కనుంచో, కాలువలోంచో వెళ్లే ఊళ్లు ఎన్నో కాబట్టి ఆ బయటి నీరేమిటో చెప్పనక్కర్లేదు. దానికి తోడు నీళ్లు అందడం లేదని కొళాయికి నేరుగా మోటారు బిగిస్తారు. మోటారు లాగేది ట్యాంకు నీళ్లను ఒక్కటే కాదు. ఇంకొందరు ధార బాగా వస్తుందని గుంత తవ్వి కొళాయిని నేల మట్టం కిందికి దించుతారు. వాన పడితే ఆ గుంత నిండుతుంది, నీళ్లు కట్టెయ్యగానే ఆ మురికి వెనక్కి పైపులోకే పోతుంది. అందుకే నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాలవి తాగడానికి పట్టుకోకూడదు, బట్టలకో మొక్కలకో వాడుకోవాలి. ఈ ఒక్క ముక్క వారానికోసారి గ్రూపులో పెట్టినా చాలు, ఎవరూ పెట్టరు. గుంత కొళాయిలు తీయించమంటే ఓట్లు పోతాయి కదా.

ట్యాంకులో క్లోరిన్ వెయ్యడానికీ ఒక పద్ధతుంది. తాజా బ్లీచింగ్ పొడిలో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది, బస్తా విప్పి ఉంచితే తగ్గిపోతుంటుంది. 25 శాతం అనుకుంటే, లీటరుకు 2 మిల్లీగ్రాముల మోతాదుకు 40 వేల లీటర్లకు 320 గ్రాములు కావాలి. పొడి గడ్డకట్టి, ఘాటు పోయి 15 శాతానికి దిగిపోయిందంటే అదే పనికి అరకిలో దాటుతుంది. బకెట్లో కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి, మిగతా నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పైతేట మాత్రమే ట్యాంకులో పొయ్యాలి. అడుగున మిగిలే సున్నం పారబొయ్యాలి. ట్యాంకు సగం నిండినప్పుడు పోస్తే పైనుంచి పడే నీళ్లే కలిపేస్తాయి. నిండాక గంట ఆగి వదలాలి.

తప్పెక్కడ జరుగుతుందంటే, బకెట్ పట్టుకొని ట్యాంకు నిచ్చెన ఎక్కడం కష్టం కాబట్టి వాటర్‌మేన్ పొడిని పొడిగానే లోపల విసిరి దిగిపోతాడు. అది అడుగున కూర్చుంటుంది. మొదటి వీధికి ఘాటు నీళ్లు, చివరి వీధికి వట్టి నీళ్లు. ఘాటు తగిలిన వీధివాళ్లు గొడవ పెడతారు, మర్నాటి నుంచి మోతాదు సగమైపోతుంది. అతన్ని తిట్టి లాభం లేదు. అతని జీతం ఎన్ని నెలలు బకాయి ఉందో కూడా ఆ గ్రూపులో రాస్తే బాగుండును.

కొలవడం ఇంకా సులువు. క్లోరోస్కోప్ అని చిన్న డబ్బా ఉంటుంది. గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, పక్కనున్న రంగులతో పోల్చాలి. చుక్కలు వేసిన పది సెకన్లలోపే చూడాలి, నింపాదిగా చూస్తే రంగు ముదిరి లేని క్లోరిన్ ఉన్నట్టు కనిపిస్తుంది. మామూలు రోజుల్లో లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, రోగం తిరుగుతున్నప్పుడు 0.5 ఉండాలి. ట్యాంకు కింద కొలిచి రాసుకుంటే అది రికార్డు కోసమే, చివరి ఇంటి దగ్గర కొలవాలి. ట్యాంకు కింద 0.5 ఉండి ఒక్క వీధిలోనే సున్నా వచ్చిందంటే లీకు ఆ వీధి లైన్లోనే వెతకాలి, ఊరంతా తవ్వక్కర్లేదు. జల్ జీవన్ మిషన్ కింద నీటి పరీక్షకు ఊరికి ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలని ఉంది. మీ ఊళ్లో ఆ ఐదుగురెవరో సచివాలయంలో అడగండి.

ఎమ్మెల్యేలు రిబ్బను కత్తిరించే ఆర్‌వో ప్లాంట్ల గురించీ ఒక మాట. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు అంకె తక్కువ చూపిస్తే నీళ్లు మంచివని కాదు, ఆ మీటరుకు సూక్ష్మజీవులు కనబడవు. పైగా ఆ యంత్రంలోంచి వచ్చిన నీళ్లలో క్లోరిన్ మిగలదు కాబట్టి క్యాను కడగకపోతే ఆ నీటికి కాపలా ఏమీ లేదు.

"ఓఆర్‌ఎస్ తాగండి" అని వదిలేసే సందేశమూ సగం సందేశమే. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున వేసుకుంటే ఉప్పు పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబొయ్యాలి. రెండేళ్లలోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ 20 మిల్లీగ్రాములు 14 రోజులు, విరేచనాలు ఆగినా ఆపకూడదు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు టీ చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, గుట్టగా కాదు సమంగా. ఆరు గంటలు మూత్రం రాకపోయినా, కళ్లు లోతుకు పోయినా, రక్తం పడినా ఇంట్లో కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యండి.

శ్రీకాకుళం వైపు వాళ్లకు ఇదే తంతు కిడ్నీ శిబిరాల రూపంలో ఉంటుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం కదా, "ఉద్దానంలో ఇంతమందికి క్రియాటినిన్ పరీక్షలు" అని పెడతారు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో ఎంతుందో కొలుస్తారు. ఆ అంకె ఒక్కటీ ఏమీ చెప్పదు. 1.4 వచ్చిందనుకోండి, పాతికేళ్ల కుర్రాడికైతే వడపోత సామర్థ్యం, అంటే ఈజీఎఫ్‌ఆర్, సుమారు 71. అరవయ్యేళ్ల ఆవిడకైతే సుమారు 43, అది కిడ్నీ జబ్బులో మూడో దశ. చీటీ మీద ఈజీఎఫ్‌ఆర్ కూడా రాయమని అడగండి. మూడు నెలల తర్వాత మళ్లీ చేస్తేనే జబ్బు దీర్ఘకాలికమో కాదో తేలుతుంది కాబట్టి రెండో శిబిరం తేదీ లేని ప్రకటన సగం పనే. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ మాత్రలు మింగొద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి అన్న మాట ప్రతి శిబిరం కబురులోనూ ఉండాలి. డయాలసిస్‌కు వెళ్లకపోయినా క్రియాటినిన్ 5 దాటినవాళ్లకు, ఈజీఎఫ్‌ఆర్ 15 లోపున్నవాళ్లకు ఎన్టీఆర్ భరోసాలో నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఏ రోజు ఏ డాక్టరు ఉంటారో పెడితే జనానికి బస్సు చార్జీలు మిగులుతాయి.

ఫోన్ నంబర్లు కూడా సరిచూసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి పోయింది. పాత జిల్లా అధికారుల నంబర్లు ఇంకా ఫార్వర్డుల్లో తిరుగుతూనే ఉంటాయి.

ఇక నెల సంగతి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12, తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11, గుర్ల అతిసారమూ అక్టోబరులోనే. తుపానుకు కరెంటు పోతే మోటార్లు ఆగుతాయి, జనం మూత లేని పాత నూతుల మీద పడతారు. కాబట్టి ఏ మండలంలో ఏ పంపుకు జనరేటర్ పెడతారో, బ్లీచింగ్ నిల్వ ఏ సచివాలయంలో ఎన్ని కిలోలుందో ఆగస్టు సందేశంలోనే రావాలి.

రాకపోతే గ్రూపులో మీరే ఇలా పెట్టండి: "ఎమ్మెల్యే గారి ఆఫీసుకు నమస్కారం. మా ట్యాంకు చివరిసారి ఏ తేదీన కడిగారు, ఈ వారం చివరి కొళాయి దగ్గర మిగులు క్లోరిన్ ఎంత వచ్చింది, దయచేసి తెలపగలరు." అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా సెట్టింగు పెట్టి ఉంటే అదే కాగితం మీద రాసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమం పీజీఆర్‌ఎస్‌లో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. ఊరి పేరుతో పాటు వీధి పేరు కూడా రాయండి, లేకపోతే ట్యాంకు కింద కొలిచిన అంకెనే జవాబుగా పంపించేస్తారు.