పొగ తగలకుండా వేడి తగలాలి, అంతే సంగతి

"మాల్ట్ ఆరబెట్టే బట్టీల్లో మొట్టమొదట వచ్చిన మార్పులేంటి?" అని అడిగారు. మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజ, బీరుకీ విస్కీకీ అదే మూలం. నాకంటే ముందు ఇద్దరు ముగ్గురు స్కాట్లాండ్ విస్కీ డిస్టిలరీల్లో మాల్ట్ బట్టీల మీదుండే గోపురాల ఫొటోలు పెట్టి జవాబిచ్చేశారు. ఆ గోపురం చార్లెస్ డోయిగ్ అనే ఆర్కిటెక్ట్ 1889లో డాల్యూయన్ డిస్టిలరీకి గీసిచ్చింది. అందంగా ఉంటుంది, కాదనను. కానీ 1889 మొట్టమొదటిదేంటండీ బాబూ! అసలు కథ దానికి రెండొందల యాభై ఏళ్ల ముందుది. అదీ నేను అద్దెకుంటున్న ఈ డెర్బీ చుట్టుపక్కలే జరిగింది.

నాకీ పిచ్చి లాక్‌డౌన్‌లో పట్టింది. మా అమ్మమ్మ రాగులు మొలకెత్తించి మాల్ట్ చేసేది కదా, బార్లీతో చేద్దామనుకున్నా. సూపర్‌మార్కెట్‌లో తెల్లటి బార్లీ రెండు ప్యాకెట్లు తెచ్చి నానబోశాను. ఐదు రోజులైనా మొలక లేదు, కంపు మాత్రం వచ్చింది. అది పొట్టు తీసి పాలిష్ పట్టిన గింజట, చచ్చినా మొలవదు. ఆ ముక్క ప్యాకెట్ మీద రాస్తే వాళ్ల సొమ్మేం పోయింది? చివరికి గుర్రాల దాణా అమ్మే కొట్లో పొట్టుతో ఉన్న బార్లీ దొరికింది. రెండు రోజులు నానబెట్టి, తడిగుడ్డలో పెడితే నాలుగో రోజుకి తెల్లటి వేళ్లు బారెడు పెరిగాయి.

ఆరబెట్టడం దగ్గరే దెబ్బతిన్నాను. ఎండ లేదు. ఇది ఇంగ్లండ్, ఉండదు. పెరట్లో బార్బెక్యూ పొయ్యి మీద ఇనప జల్లెడ పెట్టి, సగం గింజలు పరిచి, కింద పుల్లలు అంటించాను. పుల్లలు పచ్చివి. పొగ కుమ్మేసింది. పక్కింటి పెద్దావిడ గోడ మీంచి తొంగి చూసి ఏం కాలుస్తున్నావని అడిగితే బార్లీ అని చెప్పాను. ఆమె ముఖం చూసి నాకే సిగ్గేసింది. గంట తర్వాత చూస్తే అడుగు గింజ మాడింది, పైగింజ తడి ఆరలేదు. దాన్నే పిండి పట్టి జావ కాస్తే మా ఆవిడ ఒక్క గుక్క తాగి, "బీడీ నానబెట్టారా?" అంది.

మిగతా సగం మర్నాడు చేశాను. ఈసారి బొగ్గులు బాగా రాజుకుని, పైన తెల్లటి బూడిద కట్టి, పొగ పూర్తిగా ఆగాక జల్లెడ పెట్టాను. నాలుగైదు గంటలు పట్టింది, మధ్యమధ్య చేత్తో తిరగేస్తూ కూర్చున్నాను. లేత గడ్డి రంగులో దిగింది. నలిపితే వేళ్లు రాలిపోయాయి, నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది.

డెర్బీషైర్ వాళ్లు 1640ల్లో చేసిందీ ఇదే. అంతకుముందు గుర్రపు వెంట్రుకలతో నేసిన గుడ్డ మీద మొలకలు పరిచి, కింద కట్టెలో గడ్డో మండించేవాళ్లు. పొగంతా గింజలోంచే పైకి పోవాలి. కట్టెపొగ మాల్ట్‌తో కాచిన బీరు అలవాటు లేనివాళ్లకి తలనొప్పి తెస్తుందని, గడ్డితో ఆరబెట్టిందే మేలని 1577లోనే విలియం హారిసన్ అనే పాదిరి రాసిపెట్టాడు. నేలబొగ్గు వాడదామంటే గంధకం కంపు. అందుకని ఆ బొగ్గునే ముందు గాలి చాలకుండా కాల్చి, కంపు వదలగొట్టి కోక్ చేశారు. మాల్ట్ పాలిపోయిన రంగులో వచ్చింది. పేల్ ఏల్ అనే బీరు అలాంటి మాల్ట్ పుణ్యమే. ఆ తర్వాత గుడ్డ పోయి చిల్లుల పెంకులు రావడం, 1817లో డేనియల్ వీలర్ కాఫీ గింజల్లా డ్రమ్ములో వేసి నల్లగా వేయించడం, ఇవన్నీ నా దృష్టిలో కొసరు.

నా ఏడుపల్లా ఒకటే. కోక్ అనగానే అందరూ 1709లో కోల్‌బ్రూక్‌డేల్ అనే ఊళ్లో కోక్‌తో ఇనుము తీసిన అబ్రహాం డార్బీ పేరే చెబుతారు. ఆ డార్బీ కుర్రాడిగా బర్మింగ్‌హామ్‌లో పని నేర్చుకుంది మాల్ట్ మరలు చేసేవాడి దగ్గర! కోక్ సంగతి అక్కడే చెవిన పడి ఉంటుందని నేను బల్లగుద్ది చెబుతాను. ఇనుముకి పేరొచ్చింది, మాల్ట్‌వాళ్లని అడిగే దిక్కు లేదు.

ఇంకో దారి కూడా ఉంది. పొగని గొట్టంలోంచి బయటికి పంపేసి వేడి మాత్రం గింజకి తగలనివ్వడం. పొగ తగలకుండా మాల్ట్ ఆరబెట్టే బట్టీకి నికొలస్ హాల్స్ అనే ఆయన 1635లోనే పేటెంట్ తీసుకున్నాడు. మాది ప్రకాశం జిల్లా, పొగాకు ఇల్లు. ఈ మాట చదవగానే పొగాకు ఆరబెట్టే మా బ్యారన్ గుర్తొచ్చింది. పొయ్యి బయట, ఇనప గొట్టాలు లోపల, పొగ చిమ్నీలోంచి పైకి. ఏటా ఆకు ఎక్కించే ముందు మా నాన్న ఉత్త బ్యారన్‌కి మంట పెట్టి, తలుపు మూసుకుని లోపల నిలబడేవాడు, ఏ గొట్టం ఎక్కడ పొగ కక్కుతుందో చూడటానికి. కళ్లు ఎర్రగా చేసుకుని బయటికొచ్చి, మట్టి ముద్ద తీసుకుని మళ్లీ లోపలికెళ్లేవాడు.

బార్లీ సంగతి ఫోన్‌లో చెబితే ఆయన అంతా విని, "గొట్టం పెట్టుకోకుండా పొయ్యి మీద ఎందుకు పెట్టావురా?" అన్నాడు.