పైకి సాఫీగా నడిచే కోడ్ లోపల ఎలా ఉందో తెలిసేదెలా?

ప్రశ్న: నేను ఒక సాఫ్ట్‌వేర్ బృందాన్ని పర్యవేక్షిస్తున్నాను, కోడ్ రాయడం నా పని కాదు. మా అప్లికేషన్ బాగానే నడుస్తోంది, ఫిర్యాదులూ లేవు. అయినా ఒకప్పుడు రెండు రోజుల్లో ముగిసిన మార్పులకు ఇప్పుడు మూడు వారాలు పడుతున్నాయి. కోడ్ మొత్తం తిరగరాయాలని బృందం అంటోంది. నిజంగా లోపల అంత లోపం ఉందా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఉండే అవకాశమే ఎక్కువ. వాడేవారికి ప్రోగ్రాం నడుస్తోందా లేదా అన్నదే కనిపిస్తుంది. దాన్ని మార్చడం ఎంత కష్టమో మార్చేవారికే తెలుస్తుంది. అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ 1992లో, తొందరలో రాసి సరిదిద్దకుండా వదిలేసిన ఇలాంటి కోడ్‌ను అప్పుతో పోల్చారు. త్వరగా విడుదల చేయడానికి కొంత అప్పు చేయవచ్చు. తీర్చకపోతే మాత్రం ఆ కోడ్‌పై వెచ్చించే ప్రతి నిమిషమూ వడ్డీ కిందికే వస్తుందన్నారు.

కోడ్ చదవకుండానే మీరు దీన్ని పరిశీలించవచ్చు. ఈమధ్య చేసిన ఒక చిన్న మార్పు ఎన్ని ఫైళ్లను తాకిందో గిట్ (కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే సాధనం) చరిత్రలో చూపించమనండి. పన్ను శాతం ఒక్కటి మార్చడానికి బిల్లులో, రసీదులో, నివేదికలో ఒకే లెక్కను విడివిడిగా దిద్ది, డబ్బు వాపసు చేసే చోట మరచిపోయి, మరుసటి వారం మళ్లీ దిద్దారంటే లోపం బయటపడినట్టే. కోడ్ సరిగా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులన్నీ పాసయ్యాయన్న మాటతోనూ తృప్తిపడకండి. కవరేజ్ శాతం, అంటే టెస్టులు కోడ్‌లో ఎంత భాగాన్ని నడిపాయన్న లెక్క, ఆ కోడ్ వరుసలు నడిచాయని చెబుతుందే తప్ప, వచ్చిన ఫలితాన్ని ఎవరైనా సరిచూశారో లేదో చెప్పదు.

ఫిర్యాదులు లేకపోవడం భరోసా కాదనడానికి అమెరికాలోని షేర్ల వ్యాపార సంస్థ నైట్ క్యాపిటల్ ఉదంతం చాలు. 2003లోనే వాడకం మానేసిన ఒక కోడ్‌ను ఆ సంస్థ తొలగించలేదు. దాన్ని పనిచేయించే ఫ్లాగ్‌నే (స్విచ్ లాంటి గుర్తునే) 2012లో కొత్త అవసరానికి వాడుకుంది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరకపోవడంతో ఆగస్టు 1న అందులో పాత కోడ్ మేల్కొని, సుమారు 45 నిమిషాల పాటు అక్కరలేని ఆర్డర్లు పంపుతూ పోయింది. నష్టం 40 కోట్ల డాలర్లు దాటింది. అన్నేళ్లూ ఆ కోడ్ గురించి ఫిర్యాదు చేయవలసిన అవసరం ఎవరికీ రాలేదు.

అయితే మొత్తం తిరగరాయడానికి నేను సుముఖుడిని కాను. పాత కోడ్‌లో ఎక్కడా రాసిపెట్టని నియమాలెన్నో ఉంటాయి, తిరగరాతలో మొదట పోయేవి అవే. తరచుగా మారుతూ, మారినప్పుడల్లా తప్పులు తెచ్చే ఫైళ్లను ముందుగా ఎంచుకోమనండి. వాటికి టెస్టులు రాయించి, కొద్దికొద్దిగా శుభ్రం చేయించండి. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని, ఇంకా వాడుకలో ఉన్న భాగం ఎంత వికారంగా ఉన్నా ప్రస్తుతానికి ఆగవచ్చు. వాడకం ఆగిపోయిన కోడ్‌ను మాత్రం వెంటనే తీసేయించండి.