పళ్ళు కట్టే ముందు అడగవలసిన మాట

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నల్లగొండలో సొంతంగా దంతవైద్యశాల తెరుస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు ఎంత సంతోషంగా ఉందో అంత దిగులుగానూ ఉంది. ఎక్స్‌రే యంత్రం, పరికరాల శుద్ధి వంటివి నీకు నేను చెప్పనక్కరలేదు. నీ చేతి పని మీద నాకు అనుమానం లేదు గాని, నోరు తెరవగానే పళ్ళను చూస్తూ మనిషిని మరచిపోతావేమోనని నా భయం. నేను అలా మరచిపోయినవాణ్ణే.

1988లో తెనాలిలో ఒక విశ్రాంత తెలుగు మాస్టారికి పూర్తి పళ్ళ సెట్టు కట్టాను. చిగుళ్ళ అచ్చులు చక్కగా వచ్చాయి, కింది సెట్టు కూడా కదలలేదు. మైనంలో పళ్ళు అమర్చి చూపిన రోజున అద్దం చేతికిచ్చి "బాగున్నాయా?" అంటే ఆయన మొహమాటంగా తల ఊపారు. తరువాత వచ్చినప్పుడు కూడా ఒరుసుకుంటోందా, నమలగలుగుతున్నారా అని అడిగానే తప్ప, ఈ వయసులో ఏ కోరికతో పళ్ళు కట్టించుకున్నారని అడగలేదు. నెల తిరగకముందే వారి మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. దంపతులను ఆశీర్వదిస్తూ పద్యం చదవమని బంధువులు బలవంతపెడితే, ఆయన లేచి నిలబడి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని, చేత్తో వద్దని సైగ చేసి కూర్చుండిపోయారు. నేను కట్టిన సెట్టు చేతిరుమాలులో చుట్టి ఆయన జేబులో ఉంది.

మరునాడు పిలిపించి చాప, చలి, జల్లెడ అనిపించాను. దంత్య చకారానికి నాలుక కొస ఆనే చోట, పై పళ్ళ వెనుక, సెట్టు పలకను మందంగా వదిలేశాను. ప్రతి చకారం వెంటా ఈల వస్తోంది. అరగదీసి సరిచేయడానికి అరగంట పట్టింది. ఆయన పద్యం మొత్తం చదివి, "ఇది నిన్న చదవాలనే కట్టించుకున్నాను నాయనా" అన్నారు.

అందుకని మైనం దశలోనే పళ్ళు కట్టించుకునేవారి చేత మాట్లాడించు. కట్టుడు పళ్ళతో కొరికే బలం సొంత పళ్ళ బలంలో దాదాపు నాలుగో వంతేనని, అలవాటుకు వారాలు పడుతుందని అచ్చులు తీయకముందే చెప్పు. జొన్నరొట్టె మీద ఆశతో వచ్చినవారికి ఆ మాట తరువాత చెబితే మోసంలా వినిపిస్తుంది.

మీ ప్రాంతంలో ఫ్లోరైడ్ మరకలతో పెళ్ళీడు పిల్లలు వస్తారు. అవి బాల్యంలో ఎనామెల్ అనే పంటి పైపొర ఏర్పడేటప్పుడే లోపల పడినవి కనుక క్లీనింగుతో పోవని స్పష్టంగా చెప్పు. తల్లేమో పాలవంటి తెలుపు కావాలంటుంది. పిల్లను ఒంటరిగా అడిగితే, ఫోటోలో చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వగలిగితే చాలంటుంది. చికిత్స ఆ పిల్లకు, తల్లికి కాదు.

ఎదుటివారి మాట పూర్తికాకముందే జవాబు చెప్పే అలవాటు నీకు చిన్ననాటి నుంచీ ఉంది, దానికి మీ పెద్దమ్మ చేత ఎన్ని తిట్లు తిన్నావో నాకు గుర్తుంది. అది మానుకో తల్లీ. ప్రారంభోత్సవానికి ముందురోజే మేమిద్దరం వస్తాము. నా గదిలోని చేతుల కుర్చీ తెస్తున్నాను. దానిని నీ గదిలోనే వేసి, వచ్చినవారిని పడుకోబెట్టకముందు అందులో కూర్చోబెట్టి మాట్లాడు.

ఆశీస్సులతో,
పెదనాన్న